ఎర్ర బుడగ

చిన్నప్పుడు వేములవాడ జాతరలో బుడగలు కాల్చే తుపాకీ ఒక్కసారి పట్టాను. మూడు దెబ్బలూ గాలిలోకే! సిరిసిల్ల బావలు మేము కోరుట్ల బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉన్నారు. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు.

కదలని బుడగకే నాకంత అవమానమా? మన హైదరాబాదు కైనాన్ చెనాయ్ కాల్చేది ఎగిరిపోయే అరచేతంత బిళ్ళని. పేరుకే మట్టి బిళ్ళ, తారూ సున్నపురాయి పొడీ కలిపి చేస్తారట. కేక వెయ్యగానే దూసుకొస్తుంది. ఎటు పోతుందో ముందు తెలియదు. ట్రాప్ పోటీలో అలాంటివి 125.

2016 రియో ఒలింపిక్స్‌లో అతనిది 19వ స్థానం. నేనైతే తుపాకీ అటకెక్కించేదాన్ని. అతను ఏడేళ్ళు కాలుస్తూనే ఉన్నాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టుకి స్వర్ణం, తనకి విడిగా కాంస్యం.

మొన్న శివరాత్రికి మళ్ళీ ఆ తుపాకీ అడిగాను. "ఈ వయసులోనా?" అన్నారు మావారు. మూడింటిలో ఒకటి పగిలింది. ఎర్రది.