యాప్‌ల వేరు కాపురం

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను హడలగొట్టింది, గుర్తుందా? ‘జ్ఞా’ ఓ ప్రత్యేకమైన కోడ్ వరుసలో మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్‌లోనూ మ్యాక్‌లోనూ యాప్‌లు టపటపా మూతపడేవి. తప్పు ఆ యాప్‌లది కాదు. అక్షరాలను తెరమీద గీసే పనిని అవి సిస్టమ్‌లోని ఉమ్మడి కోడ్‌కి, అంటే లైబ్రరీకి అప్పజెప్పాయి. అది తడబడితే దాన్ని నమ్ముకున్నవీ పడ్డాయి. అదే నెలలో యాపిల్ సిస్టమ్ అప్‌డేట్ ఇచ్చింది. ఒక్కో యాప్‌ని విడిగా బాగుచేసే పనే పడలేదు.

ఉమ్మడి కాపురం ఇలాగే ఉంటుంది. పులుసులో ఉప్పెక్కువైతే ఇంటిల్లిపాదికీ తిప్పలే.

ఇప్పుడు కంప్యూటర్లలో వేరు కాపురాలు పెరిగాయి. లినక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ పద్ధతుల్లో వచ్చే యాప్‌లు కావాల్సిన లైబ్రరీలను మూటగట్టుకుని వస్తాయి. స్లాక్, డిస్కార్డ్ అయితే విండోస్‌లో కూడా ఏకంగా క్రోమియం బ్రౌజర్ ఇంజిన్‌నే మోసుకు తిరుగుతాయి.

దీని సుఖం నాకు తెలుసు. నా డెబియన్ లాప్‌టాప్‌లో వీడియో ఎడిటర్ కొత్త వెర్షన్ కావాల్సొచ్చింది. అది అడిగే లైబ్రరీ నా సిస్టమ్‌లో ఉన్నదానికంటే కొత్తది. దాన్ని మారిస్తే మిగతా యాప్‌లు అలుగుతాయి. ఫ్లాట్‌ప్యాక్‌లో దించుకుంటే ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. కాకపోతే రన్‌టైమ్‌తో కలిపి వందల ఎంబీలు, హాట్‌స్పాట్‌లో ఆ రోజు డేటా గోవిందా! (అదే రన్‌టైమ్ వాడే రెండో యాప్‌కి మళ్లీ దించక్కర్లేదు. వేరు కాపురమైనా బావి ఒకటేనన్నమాట.)

డేటా రేపు మళ్లీ వస్తుంది. నా భయమల్లా 2023 సెప్టెంబర్ లాంటి రోజులతోనే. వెబ్‌పీ బొమ్మలను తెరిచే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం అప్పుడు బయటపడింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వెంటనే సరిచేసుకున్నాయి. లినక్స్‌లోని ఉమ్మడి కాపీకి అప్‌డేట్ వేస్తే దాన్ని వాడే యాప్‌లన్నీ గట్టెక్కాయి. సొంత కాపీ ఉన్న ప్రతి యాప్ మాత్రం విడిగా అప్‌డేట్ ఇవ్వాలి. తయారుచేసినవాళ్లు ఎప్పుడో వదిలేసిన యాప్ అయితే? ఆ చిల్లు అలాగే ఉంటుంది, మన కంటికి కనిపించదు కూడా.

అందుకే పంపకాలు చేశా. వీడియో ఎడిటర్, గేములు మూటల్లో. పీడీఎఫ్ రీడర్, ఫొటోలు చూసే యాప్ లాంటివి, అంటే ఎవరో పంపిన ఫైళ్లు తెరిచేవి, సిస్టమ్ నుంచే. బ్రౌజర్‌తో గొడవ లేదు, దాని వెనక పెద్ద టీమ్ కాపలా ఉంటుంది. యాప్‌ఇమేజ్‌లే చాలావరకు వాటంతటవి అప్‌డేట్ కావు. ఈ ఆదివారం వాటి తేదీలు చూసి, రెండేళ్లుగా కొత్త వెర్షన్ రానివి డిలీట్ చేసేస్తా.