పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ

ఈ సామెత పుట్టిన నాటికి రేడియో లేదు. ఊరూరా తిరిగి, ఇంటింటి ముందు నిలిచి, వచ్చిన ఒక్క పాటనే మళ్ళీ మళ్ళీ పాడే దాసరిని ఎగతాళి చేయడానికి పెద్దలు కల్పించిన మాట ఇది. కాని కొంచెం నిదానించి ఆలోచిస్తే, పాపం, ఆ దాసరి చేసిన అపరాధ మేమిటో మాకు బోధపడదు. అతడు ఒక వాకిట పాడి, పిడికెడు బియ్యం గ్రహించి, పక్క వాకిటికి వెళతాడు. అక్కడా అదే పాట ఎత్తుకుంటాడు. ఆ రెండవ ఇంటి ఇల్లాలికి అది మొదటిసారే గదా! విసుగు పుట్టేది ఎవరికి? వీధి పొడవునా అతని వెంట నడిచే కుర్రవాడికి మాత్రమే.

ఈనాడు వాణిజ్య రేడియో నడిపేవారి లెక్క సరిగ్గా దాసరి లెక్కయే. శ్రోత అనేవాడు కారులో ఎక్కి పది ఇరవై నిమిషాలు విని దిగిపోతాడనీ, అతడు విన్న ఆ కాస్త సేపటిలో తెలిసిన పాట వినబడకపోతే వేరొక స్టేషనుకు తిప్పివేస్తాడనీ, కనుక పేరుమోసిన పాట ఎప్పుడూ గాలిలో ఉండవలెననీ వారి సిద్ధాంతం. వాకిళ్ళు మారుతూ ఉంటాయి గనుక పాట మార్చనక్కరలేదు. బాగానే ఉంది. మరి వీధి పొడవునా వెంట నడిచేవారి గతి ఏమిటి? దర్జీ దుకాణంలో, మంగలి షాపులో, ఆటోలో, టిఫిను హోటలులో ఉదయం నుండి రాత్రి దాకా రేడియో పెట్టుకొని పనిచేసేవారు మన దేశంలో కోకొల్లలు. రేడియోను అందరికంటె ఎక్కువసేపు వినేవారు వారే. ఆ రేడియో తయారయ్యేది మాత్రం వారికోసం కాదు. మేము వారి పక్షాన ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా పక్షపాతానికి కారణం లేకపోలేదు. మా తండ్రిగారు విజయవాడ వన్‌టౌనులో దర్జీ. మేము అబ్బాజాన్ అని పిలుస్తాము. వాడుకదారులకు ఆయన ‘మాస్టారు’. చదివినది ఉర్దూలో అయిదవ తరగతి. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువగలరు గాని, వ్రాయలేరు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే. అటువంటి ఇంట పుట్టిన మేము తెలుగు ఎం.ఎ. చేసి, ఈ కళాశాలలో మీకు ఛందస్సు చెప్పే స్థితికి రావడానికి తొలి గురువు ఎవరని అడిగితే, కుట్టుమిషను పక్కన మేకుకు తగిలించిన రేడియో పెట్టె అని నిస్సంకోచంగా చెప్పగలము.

ఆకాశవాణిలో సినిమా పాటకు ముందు ఒక చిన్న తంతు ఉండేది. చిత్రం పేరు, రచన, సంగీతం, గానం – ఈ నాలుగూ చెప్పిన తరువాతనే పాట. వినోదం కోరేవారికి ఇది అడ్డంకిగా తోచవచ్చును. మాకు మాత్రం అదే పాఠశాల. మల్లాది రామకృష్ణశాస్త్రి, పింగళి నాగేంద్రరావు, సముద్రాల, కొసరాజు, ఆరుద్ర, ఆత్రేయ – ఈ పేర్లు పాఠ్యపుస్తకాల్లో కనబడక ముందే మేము కాజాలు కుట్టే వయసులో చెవిన పడినవి. ‘మల్లీశ్వరి’ 1951 నాటి చిత్రమనీ, దాని పాటలు కృష్ణశాస్త్రిగారివనీ, సంగీతం సాలూరి రాజేశ్వరరావుగారిదనీ మేము ఏ గ్రంథంలోనూ చదివి నేర్చుకోలేదు.

ఒకప్పుడు పదవీ విరమణ చేసిన తెలుగు పండితులొకరు లాల్చీ కొలతలకు వచ్చి, రేడియోలో వస్తున్న పాటను పింగళివారిదన్నారు. అబ్బాజాన్ టేపు మెడలో వేసుకొని, “కాదండీ పంతులుగారూ, సముద్రాలవారిది. ఇప్పుడే చెప్పారు, మీరు మెట్లెక్కుతున్నారు” అన్నారు. పంతులుగారు ఒప్పుకోలేదు. పాట పూర్తయిన తరువాత అనౌన్సరు ఆ వివరాలు మళ్ళీ చదివితే, ఆయన నవ్వి, “సాయిబుగారూ, మీ దగ్గర గుడ్డతో పాటు పద్యం కూడా కొలిపించుకోవాలి” అని మెచ్చుకున్నారు. అబ్బాజాన్ ఆ మాట ఎన్నేళ్ళు చెప్పుకొన్నారో!

రాత్రి పొద్దుపోయిన తరువాత అదే పెట్టెలో ఢిల్లీ ఉర్దూ సర్వీసు గరగరమంటూ దొరికేది. రంజాన్ నెల చివరి పది రోజులు దుకాణం సహరీ వేళ దాకా తెరిచి ఉండేది గనుక, ఆ గరగరలోనే గజళ్ళు, ఖవ్వాలీలు విన్నాము. ఒకే పెట్టె, ఒకే మేకు. పగలు తెలుగు, రాత్రి ఉర్దూ. ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు ఆచార్యులైన సి. నారాయణరెడ్డిగారి మాట, గాలిబును తెలుగులోకి తెచ్చిన దాశరథిగారి మాట మాకు వింతగా తోచకపోవడానికి ఆ పెట్టెయే కారణం.

ఆకాశవాణివారు మాత్రం దేవతలా అంటే కారు. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌గారికి సినిమా పాట గిట్టదు. శాస్త్రీయ సంగీతం వినిపించి జనాన్ని ఉద్ధరించవలెనని ఆయన సంకల్పం. ఫలితమేమి? జనం సిలోను రేడియోకు తిప్పుకొన్నారు. ఆ సంవత్సరమే డిసెంబరులో అక్కడ అమీన్ సయానీ ‘గీత్‌మాలా’ మొదలైంది. చివరకు 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టి, సినిమా పాటను సర్కారు గడపలోనికి సగౌరవంగా ఆహ్వానించవలసి వచ్చింది. 1967 నవంబరులో దానికి వ్యాపార ప్రకటనలు కూడా వచ్చి చేరినవి. ‘గీత్‌మాలా’లో కూడా పాడిందే పాట గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, పైమెట్టు మీది పాట వారం వారం వచ్చేది. కాని వారానికి ఒకసారి! సయానీసాహెబు దానికోసం మనలను ఏడు రోజులు నిరీక్షింపజేసేవారు. ఇప్పుడు ఏడు గంటలలో ఏడుసార్లు వడ్డిస్తున్నారు.

ఇది అతిశయోక్తి కాదు. నిరుడు వేసవి సెలవులలో మేము దుకాణంలో కూర్చుని ఒక రోజంతా నోటు పుస్తకంలో గీతలు గీశాము. స్టేషను పేరు చెప్పవలసిన పని లేదు. ఏది తిప్పినా అంతే. దుకాణం తెరిచింది మొదలు మూసేదాకా ఒక కొత్త పాట ఏడుసార్లు వచ్చింది. మరి నాలుగు పాటలు అయిదేసి సార్లు. పాత పాటల గంట అని ఒకటి ఉన్నది గాని, అందులో వచ్చినవన్నీ నిన్న అదే గంటలో వచ్చిన చిత్రాలలోనివే. రోజంతటిలో ఒక్క గీత రచయిత పేరు కూడా వినబడలేదు.

ఈ పద్ధతికి మూలపురుషుడు అమెరికాలో ఉన్నాడు. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా పట్టణంలో ఒక రేడియో స్టేషను నడిపిన టాడ్ స్టార్జ్ అనే ఆయన గురించి ఒక కథ చెప్పుకొంటారు. 1950 ప్రాంతాల్లో ఆయన ఒక పానశాలలో కూర్చుండగా, వచ్చినవారంతా నాణెం వేసి వాయించే పెట్టెలో అవే రెండు మూడు పాటలను కోరుకొంటున్నారట. రాత్రి అందరూ వెళ్ళిన తరువాత అక్కడ వడ్డించే అమ్మాయి తన సొంత నాణెం తీసి, రోజంతా విన్న ఆ పాటనే మళ్ళీ వేసుకొన్నదట. జనానికి కావలసింది ఇదే అని ఆయన గ్రహించి, కొద్దిపాటి పాటలనే తిప్పి తిప్పి వినిపించే రేడియోకు బాట వేశాడట. కథ నిజమో, అతికించిన అలంకారాలు ఎన్నో, ఎలాగున్నా దర్జీ కొడుకుగా మాకు ఒక సందేహం. ఆ అమ్మాయి చేతిలో నాణెం ఉన్నది! ఏ పాట కావాలో, ఎప్పుడు కావాలో ఆమెయే నిర్ణయించుకొన్నది. ఆ ఒక్క సంగతిని వదిలేసి మిగిలిన కథనంతా వ్యాపారులు పట్టుకొన్నారు.

పదే పదే వింటే ఇష్టం కలుగుతుందన్న మాటలో శాస్త్రం లేకపోలేదు. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అర్థంలేని మాటలను, ముక్కూ ముఖమూ తెలియనివారి ఛాయాచిత్రాలను మనుషులకు పలుమార్లు చూపి, ఎక్కువసార్లు చూసినవాటినే వారు ఎక్కువ మెచ్చుకొంటారని నిరూపించాడు. అయితే దీనినిబట్టి తేలేదేమిటి? జనం మెచ్చినందువల్ల ఆ పాట వేస్తున్నామనే వాదం తలక్రిందులు అవుతున్నది. వేసినందువల్లనే మెచ్చుచున్నారేమో! వేయని పాటను ఎవరు మెచ్చగలరు?

మా పూర్వ విద్యార్థి ఒకడు ఒక ప్రైవేటు స్టేషనులో వ్యాఖ్యాతగా ఉన్నాడు. మంచి గొంతు, మంచి తెలుగు. ఆ మధ్య కళాశాలకు వచ్చినప్పుడు నిలదీశాము. “సార్, పాట నేను వేస్తానని అందరూ అనుకుంటారు. నా ముందున్న కంప్యూటరులో జాబితా ముందే వచ్చి ఉంటుంది. ఏ గంటలో ఏ నిమిషానికి ఏ రకం పాటో దానికి తెలుసు. నేను రెండు పాటల మధ్య నవ్వాలి, అంతే” అన్నాడు. పాటలను రకాలుగా విభజించి వరుస కట్టే ఇటువంటి కంప్యూటరు ఏర్పాట్లు 1970ల చివరి నుంచే అమెరికాలో ఉన్నవి. మన దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషను 2001లో బెంగుళూరులో వచ్చింది; 2005 నాటి విధానం తరువాత మా పట్టణం వంటి చోట్లకు విస్తరించింది. పాట ఎంపిక చేసే కంప్యూటరు కూడా వాటితోనే వచ్చినట్లున్నది.

పాత పాటలకు ఖర్చెక్కువ కాబోలునని మేము మొదట అనుకొనేవారము. 2010లో కాపీరైటు బోర్డువారు ఇచ్చిన తీర్పు చూస్తే ఆ భ్రమ తొలగింది. ప్రకటనల మీద వచ్చే నికరాదాయంలో నూటికి 2 వంతులు సంగీత హక్కుదారులకు చెల్లించవలెనని అందులో ఉన్నది. అంటే ఘంటసాల పాట వేసినా, నిన్న విడుదలైన పాట వేసినా ఆ లెక్కలో భేదం ఉండేది కాదు. దొడ్డి నిండా గడ్డి ఉండగా ఆవును ఒకే గుంజకు కట్టి, దాని చుట్టూ ఉన్నదే మేపడమంటే ఇదే.

“ఫోనులో కోరిన పాట కోరిన క్షణాన దొరుకుతుంటే రేడియో గోల ఎందుకు సార్?” అని మా ద్వితీయ సంవత్సరం విద్యార్థులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మేము ఎదురు ప్రశ్న వేశాము: “మహమ్మద్ రఫీ తెలుగులో పాడాడని మీలో ఎందరికి తెలుసు?” అరవై మందిలో ఒక్క చెయ్యి లేవలేదు. అందులో సగం మంది ఇళ్ళలో రఫీ పేరు చెబితే పెద్దలు లేచి కూర్చుంటారు. 1969 నాటి ‘భలే తమ్ముడు’లో ఎన్.టి. రామారావుగారికి పాడాడనీ, 1979లో ‘అక్బర్ సలీం అనార్కలి’లో కూడా పాడాడనీ చెప్పి, ఫోనులోనే ఒక పాట వినిపించాము. ముందు వరుసలోని ఒక అమ్మాయి, “మా నానాకు ఇది వినిపించి ఉంటే ఎంత బాగుండేది సార్. పోయిన రంజాన్‌కు ముందే పోయారు” అన్నది. ఫోనులో ఆ పాట ఎప్పుడూ ఉన్నది. అడగాలని ఆ పిల్లకు తెలియదు. అడగనిదానిని తెచ్చి చెవిలో వేయడమే రేడియో చేయగలిగిన పుణ్యం.

అబ్బాజాన్‌కు మధుమేహం వల్ల చూపు మందగించింది. రెండేళ్ళుగా కత్తెర పట్టడం లేదు. దుకాణం మా తమ్ముడు చూస్తున్నాడు. ఆయన అలవాటుకొద్దీ వచ్చి బల్లమీద కూర్చుంటారు. చూపు తగ్గినవారికి చెవులే గదా లోకం! ఇంటిలో చిన్న ట్రాన్సిస్టరు మీద వివిధభారతి దొరికినప్పుడు వింటారు. దుకాణంలో పనివాళ్ళు కుర్రవాళ్ళు. వారు పెట్టింది వినవలసిందే. మేము గీతలు గీసిన రోజు సాయంత్రం ఆ పాట ఆరవసారి మొదలైనప్పుడు ఆయన తడుముకొంటూ లేచి, గోడవరకు వెళ్ళి, రేడియో ఆపివేశారు. అబ్బాజాన్ తన చేతులతో రేడియో ఆపగా మేము చూడడం అదే మొదటిసారి. పనివాడు మళ్ళీ పెట్టాడు. ఆయన ఏమీ అనలేదు. ఏడవసారి కూడా విన్నారు.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. విద్యాసంస్థలకు సొంత రేడియో పెట్టుకొనే అవకాశాన్ని ప్రభుత్వం 2002లోనే కల్పించింది. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుండి ‘సంఘం రేడియో’ నడిపి చూపించారు. అంత వ్యయం మన సంస్థ భరించగలదని మేము అనడం లేదు. కాని వరండాలో నాలుగు లౌడుస్పీకర్లు ఉన్నవి. ఫీజు గడువులు చెప్పడానికి తప్ప వాటిని వాడుట లేదు. మధ్యాహ్న విరామంలో, నమాజు వేళ దాటిన తరువాత, ఇరవై నిమిషాలు వాటిని మాకు ఇప్పించ ప్రార్థన. ఒక రోజు తెలుగు, ఒక రోజు ఉర్దూ. ఉర్దూ శాఖవారు సహకరిస్తామన్నారు. పాటకు ముందు నాలుగు పేర్లూ విద్యార్థులే చదువుతారు. ఒకసారి వేసిన పాటను ఆ సంవత్సరంలో మరల వేయబోము.

మొదటి రెండు నెలలకు సరిపడే జాబితా సిద్ధంగా ఉన్నది. అబ్బాజాన్ జ్ఞాపకం మీద చెప్పగా మేము వ్రాసుకొన్నాము: నలభై ఒక్క పాటలు, ప్రతి దానికీ రచన, సంగీతం, గానంతో సహా. రెండింటి విషయంలో మాత్రం రచయిత సముద్రాలా, పింగళియా అని ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.