రాజమహేంద్రవరమున బాడుగ బండి



పరస్థలమున కాలు మోపగానే మనకు మొదట ఎదురగు మనుష్యుడు బండివాడు. ఆ యూరి మంచిచెడ్డలు మనకు తొలుత అతని నోటనే వినవచ్చును. భారతమందు నలమహారాజు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియై రథము తోలుచుండగా రాజు ఉత్తరీయము గాలికి జారిపడినది. రథము నిలుపుమని రాజనునప్పటికే అది యొక యోజనము వెనుకబడినదని బాహుకుడు చెప్పెను. కావున చెప్పవలసినది బండి కదలకముందే చెప్పవలెను. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద ఈ కథ చదివియు, అందలి నీతి మాకు వంటబట్టలేదని మొన్నటి మార్గశిరమున రాజమహేంద్రవరములో తెలిసికొంటిమి.

మామగారి తిథి గోదావరి తీరమున జరుపవలెనని మా అత్తగారి కోరిక. మా వారు బడి పనిమీద ఒకదినము ముందుగా వెళ్లి, కోటిలింగాల రేవున పురోహితునితో మాటాడి యుంచిరి. పదకొండు గంటలకెల్ల అక్కడ నుండవలెనని మాకు కబురు. అత్తగారిని, పదేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని మేము నరసాపురమున రైలెక్కి, భీమవరము, నిడదవోలు మీదుగా కొవ్వూరు చేరి నది దాటితిమి. వంతెనమీద అత్తగారు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల గంగార్పణము చేసిరి. 1900లో రైళ్లకు తెరచిన హేవలాకు వంతెన 1997లో కొలువు చాలించి, ఇప్పుడు ఊరక నిలుచున్నది. అమ్మాయి దానినే చూచుచుండెను.

ఈ యూరికి రెండు స్టేషనులు కలవు. కొవ్వూరునుండి వచ్చువారికి నది దాటగనే గోదావరి స్టేషను తగులును. తరువాతిది రాజమండ్రి పెద్ద స్టేషను. నదికి మొదటిదే దగ్గర. కాని అన్ని రైళ్లును అక్కడ నిలువవు. మా రైలు నిలువలేదు. పెద్ద స్టేషనులో దిగి వెలుపలికి రాగానే ఆటోలవారు చుట్టుముట్టిరి. వారిలో నడివయస్కుడొకడు ముందుకు వచ్చి, “ఎక్కడికమ్మగారూ?” అని యడిగెను. “రేవుకు” అంటిమి. “పుష్కరాల రేవేనా?” అని మరల యడిగెను. గోదావరి రేవులన్నియు పుష్కరాల రేవులేకదా యని తలచి మేము తల యూపితిమి. మా పల్లెలో రేవన్న ఒక్కటే రేవు. నూటయిరువది చెప్పినదానిని నూటికి బేరమాడి, ఆ గెలుపునకు లోలోపల మురిసితిమి.

బండి నిలిచినచోట మా వారు లేరు, పురోహితుడు లేడు. విచారింపగా అది పుష్కరాల రేవు. కోటిలింగాల రేవు ఏటి ఎగువన వేరుగా నున్నది. మడిలోనున్న మా వారి ఫోను పలుకలేదు. గంట పదకొండు కావచ్చినది. అత్తగారి ముఖము వాడిపోయినది. ఆటోయతడు, “అక్కడికైతే ఇంకో యాభై అవుతుందమ్మా” అనెను. మాకు ఒళ్లు మండినది. “పొరుగూరివారమని దోచుకొనుచున్నావా? ఆడవారు ఒంటరిగా వచ్చిరని చులకనయా?” అని పదిమంది వినునట్లు అంటిమి. కర్ణునకు శల్యుడు సారథియైనప్పుడు రథముమీద జరిగిన వాదము మాకు కొట్టినపిండి. సారథి నోటి దురుసు అంతకాలము నిందించిన మేము, ఆనాడు శల్యుని పాత్ర మేమే వహించితిమి.

అతడు కోపింపలేదు. “మీరు పుష్కరాల రేవన్నారమ్మా” అని మాత్రము పలికి ఊరకుండెను. అప్పుడు మా అమ్మాయి మెల్లగా, “అతను అడిగాడమ్మా. నువ్వే తల ఊపావు” అన్నది. పిల్ల కంటికి కనబడినది మా తలకెక్కుటకు ఇంత ఆలస్యమైనది. అత్తగారు చేతిసంచిలోని మంచినీళ్ల సీసా తీసి అతనికిచ్చి, “తాగు నాయనా, ఎండలో వచ్చావు. మాకు తెలియక చెప్పాము. తిథి దాటకుండా చేర్చు” అనిరి. ఆయన పేరిట జరుగు కార్యమునాడు ఒకరి మనసు నొప్పించితిమే యని ఆమె బాధ. ఆ మాట ఆమె పైకనలేదు. మాకు తెలిసినది.

మరి పది నిమిషములలో కోటిలింగాల రేవు చేరితిమి. పురోహితుడు వేచియుండెను, కార్యము చక్కగా జరిగినది. నూటయేబది చేతబెట్టుచు, “తప్పు మాది” అంటిమి. “పర్లేదమ్మా, పైనుంచి వచ్చినవారు అందరూ ఆ రేవు పేరే చెబుతారు” అని అతడనెను. ఆ మాట మామూలు మాట కాదు. 2015 జూలై 14వ తేది పుష్కరముల మొదటిదినమున జనమంతయు ఆ యొక్క రేవునకే విరుగబడి వచ్చి, ఆ తొక్కిసలాటలో 25 మందికి పైగా ప్రాణములు విడిచిరి. వారిలో స్త్రీలే యెక్కువ. నది యంతయు పుణ్యనదియే. పేరు తెలిసిన రేవొక్కటే పుణ్యమిచ్చుననుకొనుట ఎంత ప్రమాదమో ఆ దినము చూపినది.

మధ్యాహ్నము ధవళేశ్వరము చూపుమని అతనినే కుదుర్చుకొంటిమి. ఈసారి పోవుటకెంత, అక్కడ నిలుచుటకెంత, తిరిగి స్టేషనులో దింపుటకెంత యని ముందే తేల్చుకొంటిమి. దారిలో అత్తగారు తమ చిన్ననాటి జట్కా ముచ్చట చెప్పిరి. బరువు వెనుకకు మొగ్గినచో గుర్రము కాళ్లు తేలిపోవునని జట్కావాడు, “కాస్త ముందుకు జరగండమ్మా” అని దారి పొడవునా వేడుకొనెడివాడట. ఆటోయతడును తన కష్టము చెప్పెను. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు లేకుండ పోయినప్పటినుండి షేరు ఆటోలు నిండుట లేదట. ఆ అక్టోబరునందు ప్రభుత్వము ఆటోవారికి 15,000 రూపాయల సహాయమిచ్చినది. అది కొంత ఊరట యనెను. మనకు దొరికిన మేలు మంచిదే. అది ఎవరి గల్లాపెట్టెలో వెలితి చేయుచున్నదో మేము అంతకుముందు ఆలోచింపలేదు. ఉదయము ఇరువది రూపాయలు తగ్గించినందుకు మురిసినది తలపునకు వచ్చి సిగ్గుపడితిమి.

ధవళేశ్వరమున ఆర్థరు కాటను దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట కథను మా వారు అమ్మాయికి చెప్పిరి. ఇప్పటి బ్యారేజి దాని తరువాత కట్టినది. మన వరిచేలకు నీరు ఇక్కడినుండియే గదా యని అత్తగారు నదికి మరల నమస్కరించిరి.

తిరుగు రైలులో మా వారు లండను మాట యెత్తిరి. ఆ నగరమున నల్ల టాక్సీ తోలదలచినవాడు ఛేరింగ్ క్రాస్ చుట్టు ఆరు మైళ్లలోని సుమారు 25,000 వీధులను కంఠస్థము చేసి పరీక్షలో నెగ్గవలెనట. ఈ పద్ధతి 1865 నుండి నడచుచున్నది. 1907 నుండి అక్కడ టాక్సీమీటరు తప్పనిసరి; టాక్సీ యను పేరే ఆ యంత్రమునుండి వచ్చినది. అక్కడ దారి తోలువాని తలలోను, ధర యంత్రములోను ఉన్నవి. మన యూళ్లలో ధర తేల్చునది నోరే. కావున నోరు జాగ్రత్తగా వాడుకొనుట మన పని.

2027లో గోదావరికి మరల పుష్కరములు రానున్నవి. వచ్చు సోదరీమణులకు మా మనవి యిది. రేవు పేరు, వీలైన దానికి ఆనవాలుగా గుడి పేరును ముందే కనుగొనుడు. బండి యంతయు మనకా, షేరా, ధర మనిషికా, మొత్తమునకా, సామానుకు వేరుగానా యని ఎక్కకముందే అడుగుడు. బండి నంబరు ఇంటివారికి పంపుడు. చిల్లర దగ్గరనుంచుకొనుడు. బండివాడు తిరిగి ప్రశ్నించినచో, తెలియనిదానికి తల యూపక, తెలియదని చెప్పుడు.

స్టేషనులో దింపినప్పుడు అతడు మా అత్తగారి చేయిపట్టి మెట్లెక్కించి, “మళ్లీ రండి మామ్మగారూ” అనెను. “వస్తాం నాయనా. ఈసారి రేవు పేరు సరిగా చెబుతాం” అని ఆమె నవ్విరి. తిథి గడచిన దినమున ఆమె నవ్వుట మామగారు పోయిన తరువాత అదియే మొదలు.