నొప్పికి ఎన్ని పేర్లో

ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనలాంటి వాళ్ళకి నొప్పి అంటే ఒకటే మాట, పెయిన్. తలకైతే హెడేక్, కడుపుకైతే స్టమక్ పెయిన్. ఎక్కువైతే ముందు ‘బాగా’ అని తగిలిస్తాం. నేనూ అంతే. మొన్న సెమిస్టర్ సెలవుల ముందు మా నాన్నకి బైపాస్ సర్జరీ అయింది. సెలవులన్నీ తెనాలిలో ఇంట్లోనే ఉన్నాను, తర్వాత హాస్టల్ మానేసి కొన్నాళ్ళు రోజూ బాపట్లకి ట్రైన్‌లో తిరిగాను. ఆ రోజుల్లో నేను చాలా తెలుగు నేర్చుకున్నాను. నవ్వకండి, నిజం.

నాన్నకి 52 ఏళ్ళు. కిరాణా కొట్టు. పదేళ్ళుగా సుగర్. గుండెల మీద ఎవరో బస్తా పెట్టినట్టు బరువుగా ఉందంటే అందరం గ్యాస్ అనుకున్నాం. ‘గుండెపోటు’ అన్న మాటలోనే పోటు ఉంది కదా, పొడిచినట్టు నొప్పి రావాలేమో అని నాన్న నమ్మకం. కానీ చాలామందికి అది బరువుగా, బిగబట్టినట్టుగానే వస్తుందట. ఎడమ చేతికో, దవడకో పాకుతుందట. ఆయాసం, చెమటలు కూడా ఉండొచ్చు. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి.

మన దేశంలో మొదటి బైపాస్ 1975లో మద్రాసులో, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ గోఖలే టీమ్ గుండె మార్పిడే చేసింది. నాన్న ఆపరేషన్ కూడా గుంటూరులోనే, వేరే ఆసుపత్రిలో అయింది. అది కొన్ని గంటల పని, డాక్టర్లు చూసుకున్నారు. తర్వాతి మూడు నెలలు మాత్రం ఇంట్లోవాళ్ళవే.

ఏం చేస్తారంటే, రొమ్ము మధ్య ఎముకని నిలువుగా కోసి గుండె దగ్గరికి వెళ్తారు. ఛాతీ లోపలి గోడ నుంచి ఒక రక్తనాళం, కాలి నుంచి ఇంకొకటి తీసి, మూసుకుపోయిన చోట్లు దాటేలా కొత్త దారులు వేస్తారు. చివర్లో ఎముకని స్టీలు తీగలతో కట్టేస్తారు. అది అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదు. చేతుల మీద బలం వేసి మంచం మీంచి లేవకూడదు. బండి నడపకూడదు. దగ్గొస్తే దిండు గుండెకి హత్తుకుని దగ్గాలి. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా మూడు బంతుల స్పైరోమీటర్‌తో గాలి పీల్చాలి. ఇవన్నీ చార్టు రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

చార్టులో చివరి కాలమ్ నొప్పి. ఆసుపత్రిలో అడిగినట్టే, సున్నా నుంచి పది వరకు ఎంత అని రోజూ రెండు పూటలా అడిగేదాన్ని. నాన్న రోజూ “రెండమ్మా” అనేవాడు. ఎప్పుడు కాల్ చేసినా ఒకే ఇంటీజర్ రిటర్న్ చేసే ఫంక్షన్ లాగా. ఎక్కువ చెబితే మళ్ళీ గుంటూరు తీసుకెళ్తారని భయం, దాని ఖర్చు భయం, కూతురు భయపడుతుందని ఇంకో భయం. ఆ మూడూ కలిపితే రెండు.

మూడో వారంలో రేపల్లె ప్యాసింజర్‌లో నాయనమ్మ దిగింది. చార్టు వైపు కూడా చూడలేదు.

“ఏరా అబ్బాయ్, ఎట్టా ఉంది?”

“బానే ఉందమ్మా.”

“బానే ఉంటే మొహం అట్టా ఎందుకుంది? గుండెల్లో పోటా, మంటా?”

“పోటేం లేదు. కుట్ల మీద మంట. ఎడం పక్కంతా మొద్దుబారినట్టుంటది. దగ్గితే కలుక్కుమంటది. వీపు పట్టేసింది.”

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. మూడు వారాల్లో నాకు చెప్పనిదంతా ఒక్క నిమిషంలో వచ్చేసింది.

“మరి కాలో?”

“కాలు సలుపుతంది. రాత్రిళ్ళు.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు రోజుల నుంచి.”

నాయనమ్మ మొహం మారిపోయింది. సలుపు అంటే ఏంటని అడిగాను. “పోటు పొడిచి పోద్ది. మంట పైపైన ఉంటది. సలుపు లోపల్నుంచి కొట్టుకుంటా ఉంటది. పుండు చీము పట్టేప్పుడే అట్టా సలుపుద్ది. కట్టు విప్పి చూడండి” అంది.

చూశాం. మోకాలి కింద, రక్తనాళం తీసిన చోట రెండు కుట్ల చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. డిశ్చార్జ్ కాగితం మీదున్న నంబర్‌కి ఫోటో పంపితే తెల్లారే తీసుకురమ్మన్నారు. ఇన్‌ఫెక్షన్ అప్పుడే మొదలైంది. శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ రాసి, సుగర్ ఉన్నవాళ్ళకి కాలి గాయం దగ్గర ఇలా అవుతుంటుంది, ముదరకముందే తెచ్చారు అన్నారు.

తర్వాత డాక్టర్‌కి నాన్న చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటీ చెప్పాను. ఎడం పక్క మొద్దుబారడం అక్కడి రక్తనాళం తీసినందుకు. వీపు పట్టేయడం, ఆపరేషన్‌లో పక్కటెముకల్ని విడదీసి ఉంచినందుకు. దగ్గితే కలుక్కుమనడం ఎముక ఇంకా అతకనందుకు. కానీ కదిలినప్పుడు ఎముక దగ్గర టక్కుమని చప్పుడొస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు. ఒక్కో మాట వెనక ఒక్కో కారణం ఉంది. ‘రెండు’ వెనక ఏమీ లేదు.

ఇది మన గొప్ప అని చెప్పడం లేదు. తర్వాత వెతికితే తెలిసింది, ఆ 1975లోనే కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ అనే సైకాలజిస్ట్ ఇంగ్లీషులో నొప్పిని చెప్పే 78 మాటల్ని 20 గుంపులుగా చేసి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. నొప్పి ఎంత అన్నదే కాదు, ఎలాంటిది అన్నది కూడా తెలియాలని ఆయన ఉద్దేశం. మెక్‌గిల్ ప్రశ్నావళి అంటారు. మా నాయనమ్మ అలాంటిదే ఒకటి నోటికి పెట్టుకుని రేపల్లె నుంచి వచ్చింది.

అలాగని ఆవిడ చెప్పిందంతా రైట్ కాదు. కుట్లు తడిస్తే చీము పడుతుందని స్నానం వద్దంది. ఆసుపత్రివాళ్ళు రోజూ సబ్బుతో మెల్లగా కడగమన్నారు. నడిస్తే కుట్లు ఊడతాయంది. వాళ్ళేమో రోజుకి కొంచెం పెంచుతూ నడిపించమన్నారు. ఆ రెండు విషయాల్లో నా చార్టే గెలిచింది.

అయిదో వారంలో ఇంకో సమస్య. గాయాలు మానుతున్నాయి, నాన్న మాత్రం మాట్లాడటం మానేశాడు. సాయంత్రమైతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి సహించేది కాదు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇలా అవుతుందని చదివి, “డిప్రెషన్ ఏమో నాన్నా, డాక్టర్‌కి చెబుదాం” అన్నాను. “నాకేం పిచ్చి పట్టలేదమ్మా” అని కసిరాడు.

నాయనమ్మ పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుతూ, “కొట్టు గురించి బెంగ పెట్టుకున్నావా నాయనా?” అంది.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “బస్తా ఎత్తలేనోడు కొట్టేం నడుపుతాడమ్మా” అన్నాడు. నాన్న కళ్ళనీళ్ళు నేను చూడటం అదే మొదటిసారి.

డిప్రెషన్ అంటే ఒప్పుకోని మనిషి బెంగ అంటే ఒప్పుకున్నాడు. బెంగకి కారణం ఉంటుంది, కారణం చెప్పుకోవచ్చు, దాంట్లో సిగ్గుపడేదేం లేదు. తర్వాతి చెకప్‌లో తనే డాక్టర్‌తో, “బెంగగా ఉంటందండీ, నిద్ర పట్టట్లేదు” అన్నాడు. డాక్టర్ గారు నవ్వకుండా, తొందరపడకుండా విన్నారు. బస్తాలు దించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం. నాన్న గల్లా దగ్గర కూర్చుంటున్నాడు, పొద్దున్నే కాలవ గట్టున నడుస్తున్నాడు.

మనలో చాలామంది ఇళ్ళకి దూరంగా ఉంటాం. ఫోన్‌లో “ఎలా ఉంది?” అంటే “బానే ఉంది” అనే వస్తుంది. ఈసారి ఒక ప్రశ్న ఎక్కువ అడగండి. పోటా, మంటా, సలుపా, బరువా, బెంగా? ఈ మాటలు మీకు రాకపోతే మీ నాయనమ్మనో అమ్మమ్మనో అడగండి. ఆలస్యం చేయకండి.