సీటు కింది కాగితం

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మూడు రోజులు నేను ఒక పాత అంబాసిడర్ కారులో తలకిందులుగా గడిపాను. మెకానికల్ చదువుతున్న పిల్లోడు కదా, బండి బాగుచేస్తాడేమో అని మా జేజి ఆశపడింది. నేను వెతికింది మాత్రం ఒక కాగితం కోసం.

ఇది మొదలైంది హాస్టల్లో. ఒక రాత్రి యూట్యూబ్‌లో ఒక వీడియో తగిలింది. అమెరికాలో ఒకాయన 1960ల నాటి కారు వెనక సీటు పెరికి, స్ప్రింగుల మధ్య ఇరుక్కుపోయిన కాగితం ఒకటి బయటికి తీశాడు. ఎలుకలు కొరికిన, తుప్పు మరకల కాగితం. దాన్ని చూసి ఆయన దాదాపు ఏడ్చేశాడు. దాని పేరు బిల్డ్ షీట్. అప్పట్లో అక్కడి ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైన్ మీద కారుతో పాటు ఒక కాగితం కూడా నడిచేది. ఈ బండికి ఏ ఇంజను, ఏ గేర్‌బాక్సు, ఏ రంగు, ఏ సీటు అనేది అందులో కోడ్‌లలో ఉండేది. అది చూసి పనివాళ్లు బిగించేవాళ్లు. బిగించాక దాంతో పనిలేదు. చాలా కాగితాలు చెత్తలోకి పోయాయి. కొన్ని సీటు స్ప్రింగుల్లోనో, కార్పెట్ కిందో, పెట్రోలు ట్యాంకు పైనో ఉండిపోయాయి. ఇన్నేళ్ల తర్వాత ఆ కాగితం దొరికితే, ఇంజను ఆ బండితో పుట్టిందేనా, తర్వాత మార్చిందా అనేది తేలుతుంది. ఆనాటి పనివాడికి చిత్తు, ఈనాటి ఓనరుకు సాక్ష్యం.

వీడియో అయిపోయినా నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా ఇంట్లో 2009 నుంచి ఒక కాగితం గురించే గొడవ.

మా వాళ్లది కడప పక్కన పల్లె. జేజినాయన బుడ్డల వ్యాపారం కోసం కర్నూలు వచ్చి పాతబస్తీలో స్థిరపడినాడు. 1984లో కొత్త అంబాసిడర్ కొన్నాడు. మార్క్ 4, తెల్ల రంగు, స్టీరింగు పక్కన గేరు, ముందర బెంచీ సీటు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే రోడ్డు ఆ బండికి కంఠతా వచ్చు అనేవాడు. వెనక సీట్లో మనుషుల కంటే బుడ్డల మూటలే ఎక్కువ కూర్చున్నాయట.

2009 అక్టోబరు 2. కర్నూలు వాళ్లకు ఆ తేదీ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊళ్లోకి వచ్చేశాయి. బోరు వేస్తే దుమ్ము లేచే సీమలో, మా ఇల్లు మిద్దె దాకా మునిగింది. ఆ రోజు జేజినాయన చుట్టాల ఇంట్లో దినానికి కడప పోయి ఉన్నాడు, కారేసుకొని. అందుకని కారు బతికింది. బీరువాలో ఉన్న కాగితాలు బతకలేదు. ఇంటి పత్రాలు, నాయన సర్టిఫికెట్లు, కారు ఒరిజినల్ ఆర్సీ, కొన్నప్పటి బిల్లు, అన్నీ బురదముద్దలైనాయి.

కారులో ఉన్నది ఆర్సీ జిరాక్సు ఒక్కటే. అది చూసి నాయన దరఖాస్తు నింపి డూప్లికేట్ ఆర్సీ తెచ్చాడు. అదే ఏడాది చివర రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు బండి తీసుకుపోతే, ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరుకూ బండి మీద ఉన్న నంబరుకూ ఒక అంకె తేడా. ఆర్సీలో 3, బండి మీద 8. ఇది మీ బండే అని చూపే పాత కాగితం ఏదైనా తెమ్మన్నారు. వాళ్ల తప్పేమీ లేదు, ఎవరైనా అదే అడుగుతారు. ఆ జిరాక్సేమో అప్పటికే ఎక్కడో పోయింది.

నాయన ఒకటే మాట. "జిరాక్సులో ఉండేదే నేను రాసినా. యా మెకానిక్ దగ్గరో బాడీ మారిపోయింటాది." ఈ మాట బజారుకు పోయింది. బజారులో అది ‘దొంగబండేమో’ అని మారింది. జేజినాయన నలభై ఏళ్లు తక్కెడ పట్టిన మనిషి. ఒక్క గింజ తేడా రాకుండా తూచినాడని పేరు. ఆయన ఇంటికొచ్చి కారును షెడ్డులో పెట్టి, తాళంచెవి జేజి చేతికిచ్చి, "నాది దొంగబండి అంట" అన్నాడంట. ఆ తర్వాత ఆ కారు గురించి తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం నేను వినలేదు. ఈ ఎండాకాలం దాన్ని తూకానికి అమ్మేద్దామని నాయన పాత ఇనుము వాళ్లతో మాట్లాడుకున్నాడు. జేజినాయన "మీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటలు నాకు ఫోన్లో జేజి చెప్పింది.

అందుకని నేను సీట్లు పెరికినాను.

హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ బండ్లు చేసింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి వచ్చిన అంబాసిడర్‌ను 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా చేస్తూనే ఉంది. అమెరికా వాళ్లలాగా ఇక్కడ కూడా ఎవరో ఒక పనివాడు ఒక కాగితం సీట్లో దోపి ఉంటాడని నా ఆశ. మొదటి రోజు వెనక సీటు ఎత్తితే దొరికినవి: బుడ్డల పొట్టు, ఇప్పుడు చెల్లని పావలా బిళ్లలు రెండు, సగం పెళ్లిపత్రిక, పిల్లల గాజుముక్క. రెండో రోజు కార్పెట్లు, డిక్కీ, ముందర సీటు. బేతంచెర్ల రాళ్ల దుమ్మంత మెత్తటి ఎర్రదుమ్ము. ఫ్యాక్టరీ కాగితం లేదు. జేజినాయన షెడ్డు బయట మంచం మీద కూర్చొని చూస్తాన్నాడు.

"ఏమి వెతుకుతాండావ్‌రా?"

"ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన కాగితం జేజినాయనా."

"వాళ్లు కాగితం పెట్టలే. నంబరు కొట్టినారు. పో, బానెట్ ఎత్తి సూడు."

నేను వినలేదు. మూడో రోజు డ్యాష్‌బోర్డు ఎడమపక్క అర వెనకాల చెయ్యి పెట్టినాను. అర వెనక అట్ట ఊడిపోయి సందు పడింది. ఆ సందులో వేలికి పొడుగ్గా మడిచిన కాగితం తగిలింది. ఫ్యాక్టరీది కాదు. ఆర్సీ జిరాక్సు.

నాలుగు మడతలు. ఒక నిలువు మడత సరిగ్గా ఛాసిస్ నంబరు మీదుగా పోయింది. మడత ఉన్న చోట నల్లరంగు రాలిపోయింది. ఆ అంకె మామూలుగా చూస్తే 3. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, ఎడమపక్క రాలిపోయిన చోట సన్నటి బూడిదరంగు గీత. అది 8లో సగం.

సంతోషం కంటే ముందు నాకు సిగ్గేసింది. పోయిన సెమిస్టర్ థర్మల్ ల్యాబ్‌లో నేను రీడింగులు తీసుకోలేదు. సీనియర్ రికార్డు చూసి రాసుకున్నాను. ఆయన ఇంకో సీనియర్‌ది చూసి రాసుంటాడు. మీలో చాలామంది కూడా అదే చేసుంటారు, దాచుకోవద్దు. థర్మామీటరు అక్కడే ఉంది. ఎవరూ తిరిగి చూడలేదు.

సాయంత్రం నాయన రాగానే కాగితం చేతిలో పెట్టినాను. చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా విప్పి షెడ్డులోకి పోయి, నాకు తెలిసి మొదటిసారి, ఆ కారు బానెట్ ఎత్తినాడు. కిరోసిన్ గుడ్డతో నంబరు కొట్టిన చోట తుడిచి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దినాడు. ఒక్కొక్క అంకె తెల్లగా పైకి తేలింది. 8 దగ్గర చెయ్యి ఆగింది.

"దరఖాస్తు రాసేటప్పుడు ఇక్కడికొచ్చి ఒక్కసారి చూసింటే అయిపోయేది" అన్నాడు. నాతో కాదు. ఇంజనుతో అన్నట్టు అన్నాడు.

మంచం మీద నుంచి జేజినాయన లేచినాడు. ఏమంటాడో అని నాకు గుండె దడ. "పొద్దుపోయింది, సంగటి సల్లారిపోతాది, రాండి" అన్నాడు. అంతే.

ఇప్పుడు ఆ జిరాక్సు, పెన్సిల్ ప్రింటు జతచేసి అంకె సరిచేయమని అర్జీ పెట్టినాం. ఏమవుతుందో చూడాలి. 2021లో కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు ఉంటాయి. మా బండికి ఆ వయసు 2034లో గానీ రాదు. అప్పటిదాకా మామూలు ఆర్సీ ఉంటే చాలు. ఇనుము వాళ్లకు మాత్రం నాయన ఫోన్ చేసి రావద్దని చెప్పేశాడు.

హాస్టల్‌కు తిరిగొచ్చే రోజు జేజినాయన నన్ను షెడ్డుకు పిలిచినాడు. పెన్సిల్ ప్రింట్లు ఇంకో రెండు తీయించినాడు. ఒకటి నాయనకిచ్చి బీరువాలో పెట్టమన్నాడు. రెండోది పాల కవర్లో చుట్టి, వెనక సీటు ఎత్తి, తన చేత్తోనే స్ప్రింగుల మధ్య దోపినాడు.

"నీళ్లొస్తే ఇంట్లోది పోతాది. అది పోయినా ఇది ఉంటాది" అన్నాడు.