కంది రేటుకో కిటికీ

మాది తాండూరు. మా దగ్గర రెండిటికి పేరు: నాపరాయి, కంది. మా కందికి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. జనవరి వచ్చిందంటే హైదరాబాద్‌లో ఉన్న నాకు మా మామయ్య నుంచి ఫోన్ల మీద ఫోన్లు. “అరేయ్, ఇయ్యాల తాండూర్ల ఎంత, వికారాబాద్‌ల ఎంత? సూసి చెప్పురా.”

ఆయన అసలు ప్రశ్న వేరే: ఈ వారం అమ్మాలా, ఆగాలా? 2025-26కి కంది మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు. వ్యాపారి చెప్పే రేటు దానికి పైనా, కిందా? పోయినేడు ఇదే టైమ్‌కి ఎంతుంది? ఇవన్నీ పక్కపక్కన కనిపిస్తేనే ఆయనకి లాభం.

మార్కెట్ యార్డుల ధరలు కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో వస్తాయి. కానీ ఏ సైట్ పేజీ అయినా మనిషి చూడటానికి చేసింది. రోజుకో పేజీ చొప్పున రెండు మార్కెట్లకి ఏడాది లెక్క తీయాలంటే 730 సార్లు నొక్కాలి. అందుకే ఏపీఐ కావాలి. గోదాము తాళం ఇవ్వకుండా, కిటికీ దగ్గర చీటీ ఇస్తే సరుకు అందించే ఏర్పాటు అన్నమాట. డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో మండీ ధరలకి అలాంటి కిటికీ ఉంది. రిజిస్టర్ అయితే కీ ఇస్తారు.

ఆఫీసులో నా పని కిటికీకి లోపలి వైపే కాబట్టి అక్కడి తిప్పలూ తెలుసు. ఎవరో రాసిన ప్రోగ్రామ్ సెకనుకి వందల చీటీలు విసిరితే, మామూలు జనానికి సైట్ తెరుచుకోదు. అందుకే కీ, రోజుకి ఇన్నే అనే లిమిట్, ఒక్కసారికి కొన్ని వరసలే ఇవ్వడం. కాలమ్ పేరు ఒక్కటి మార్చినా, దాని మీద ఆధారపడ్డ బయటి యాప్‌లన్నీ ఆగిపోతాయి.

పేర్లతో ఇంకో తలనొప్పి. ఇంగ్లిష్‌లో తాండూరుని ఒకరు ‘టి’తో, ఇంకొకరు ‘టిహెచ్’తో మొదలుపెడతారు. కంప్యూటర్‌కి అవి రెండు ఊర్లు! పైగా 2016 అక్టోబర్ 11కి ముందు వికారాబాద్ జిల్లానే లేదు, తాండూరు, వికారాబాద్ రెండూ రంగారెడ్డిలోనే. జిల్లా పేరుతో వెతికితే పాత లెక్కలు రానే రావు. తలుపు తీసే ముందు లోపల సర్దేవాళ్లు కావాలి.

మరి అన్నీ ఇలాగే తెరిచేద్దామా? భూమి రికార్డులు చూడండి. 2020 అక్టోబర్ 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాయి. రైతు తన సర్వే నంబర్ కొట్టి పొలం వివరం చూసుకోవడం మంచిదే. అదే ఊరు మొత్తం రికార్డు ఒక్క ఫైల్‌లో ఎవరికైనా దొరికితే? ఎవరికి ఎంత భూమి ఉందో, ఎవరు ఈమధ్య అమ్మారో అన్నీ బ్రోకర్లకీ మోసగాళ్లకీ ఇంట్లో కూర్చునే తెలుస్తాయి. ఒక్కొక్కటిగా చూస్తే సాయపడే వివరమే, కుప్పగా దొరికితే ఊరికి ముప్పు.

అందుకే నా లెక్క సింపుల్. మనుషుల పేర్లు లేని ధరల డేటా పాత ఏళ్లతో సహా పూర్తిగా, ఉచితంగా ఇవ్వాలి. మనుషుల పేర్లున్నదాన్ని ఎవరిది వాళ్లకే చూపించాలి. ఇంజినీరింగ్ ప్రాజెక్ట్ కోసం వెతుకుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కీ తీసుకుని మీ ఊరి మార్కెట్‌తోనే మొదలుపెట్టండి. ధర రాని రోజున నిన్నటిది మాత్రం చూపించకండి, రాలేదనే చెప్పండి. దాన్ని నమ్మి ఎవరో ట్రాలీకి బస్తాలు ఎక్కిస్తారు.