రెండు వృత్తుల మాంత్రికుడు

నియమమును చదువుట వేరు, నియమములో మనకు కావలసినదానిని వెదకుకొనుట వేరు. ఈ భేదము న్యాయస్థానములయందును శాస్త్రచర్చలయందును మాత్రమే కానవచ్చునని పలువురనుకొందురు. పిల్లలు బల్లచుట్టు చేరి యాడుకొను ఆటలయందును అది కానవచ్చును. అట్టి యాటలో నొక నియమమును గూర్చి మా యింట పుట్టిన వివాదమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974వ సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీనిని ప్రకటించిరి. నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరొక్కొక్క పాత్రను ధరించి, మాటలతోనే కథ నడుపుదురు. డంజన్ మాస్టరను నొకడు లోకమును వర్ణించును. తక్కినవారు తమ పాత్రలేమి చేయుచున్నవో చెప్పుదురు. ఫలము సందేహమైనచోట పాచికలు వేయుదురు. ప్రతి పాత్రకును క్లాసు అను నొక వృత్తి కలదు. గ్రంథములు చదివి మంత్రములు నేర్చువాడు విజర్డు. దైవానుగ్రహముచే మంత్రములు పడసినవాడు క్లెరిక్కు. అనుభవము పెరిగినకొలది పాత్ర ఇరువది మెట్లవరకు ఎక్కును. మంత్రములకు వేరుగ తొమ్మిది తరగతులు కలవు. ఆటవారు రెంటిని లెవెలనియే యందురు గాని, కలత కలుగకుండుటకై మేము పాత్రకు మెట్టనియు, మంత్రమునకు తరగతియనియు వ్రాయుచున్నాము. మంత్రమును ప్రయోగించుటకు సాధారణముగా నొక స్లాటు వ్యయమగును. స్లాటనగా మాంత్రికునకు దక్కిన శక్తిలో నొక పాలు. దానికిని తరగతి యుండును.

ఒకే పాత్ర రెండు వృత్తులవలంబింపవచ్చునా? డంజన్ మాస్టరు సమ్మతించినచో అవలంబింపవచ్చునని 2014వ సంవత్సరపు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చెప్పినది. అట్టివాని మంత్రముల విషయమున ఆ గ్రంథము రెండు మాటలు చెప్పుచున్నది. స్లాటులు లెక్కించునపుడు క్లెరిక్కు, విజర్డు, బార్డు, డ్రూయిడ్, సార్సరర్ వృత్తుల మెట్లన్నియు కూడవలెను. పాలడిన్, రేంజర్ మెట్లలో సగము మాత్రము, భిన్నమును విడిచి, చేర్చవలెను. వచ్చిన మొత్తమునకు పట్టికలో నెన్ని స్లాటులున్నవో అన్నియు వానివి. ఇది మొదటి మాట. ఏ మంత్రములు తెలియునో, ఏవి సిద్ధపరచుకొనగలడో నిర్ణయించునపుడు మాత్రము, ఒక్కొక్క వృత్తిని అది యొక్కటియే యున్నట్లు వేరువేరుగ చూడవలెను. ఇది రెండవ మాట. శక్తిని కూడుము, విద్యను కూడకుము. ఇంతియే దీని సారము.

ఈ నియమమునకొక చరిత్ర కలదు. 2000వ సంవత్సరపు మూడవ కూర్పున స్లాటులును వృత్తివృత్తికి వేరుగనే యుండెను. ఐదు మెట్లు క్లెరిక్కుగను, ఐదు మెట్లు విజర్డుగను ఎక్కినవాడు రెంటను సగపువాడై, పదిమెట్ల విజర్డు ప్రక్క నిలువజాలకపోయెడివాడు. 2014లో శక్తి నొక్కటిగా చేసి ఆ లోపమును కొంత తీర్చిరి. విద్యను మాత్రము పూర్వమువలెనే విడివిడిగ నుంచిరి.

ఇక మా యింటి మాట. ఆదివారములనాడు మా అన్నగారి కుమారుడు, వాని స్నేహితులిద్దరు, మా అమ్మాయి, ఈ 2014 నాటి నియమములతో ఆడుచుందురు. స్నేహితులలో పెద్దవాడు డంజన్ మాస్టరు. మావాడు ఎనిమిది మెట్లు క్లెరిక్కుగా నెక్కి తొమ్మిదవ మెట్టు విజర్డుగా నెక్కెను. మా అమ్మాయి తొమ్మిది మెట్లును విజర్డే. కథలో నొకనాడు వారికొక మృతుడైన విజర్డు మంత్రపుస్తకము దొరికెను. అందు ఫైర్‌బాల్ అను మూడవ తరగతి మంత్రముండెను. దానిని తన పుస్తకమున వ్రాసికొందునని మావాడు పట్టుపట్టెను; కూడదని మా అమ్మాయి యనెను. మాట పెరిగి పాచికలు ప్రక్కన బడెను. స్నేహితులు లేచిపోవుటకు సిద్ధముగ నుండిరి.

"బాబాయిగారూ, నాకు మూడవ తరగతి స్లాటులు మూడున్నవి. స్లాటులున్న తరగతి మంత్రములను విజర్డు సిద్ధపరచుకొనవచ్చునని పుస్తకమే చెప్పుచున్నది. ఇంక అడ్డేమి?" అని వాడడిగెను.

వాని లెక్క తప్పు కాదు. ఎనిమిదియు నొకటియు తొమ్మిది. పట్టికలో తొమ్మిదవ వరుసకు మొదటి తరగతివి నాలుగు, రెండవది మొదలు నాలుగవదాక మూడేసి, ఐదవ తరగతిది ఒకటి, స్లాటులు కలవు. మా అమ్మాయికిని సరిగా అన్నియే. విజర్డు ప్రకరణములో వాడు చూపిన వాక్యమును ఉన్నది. అయినను ఆ వాక్యము ఒక్క వృత్తి గలవానిని దృష్టియందుంచుకొని వ్రాసినది. రెండు వృత్తులవానికి వేరొక ప్రకరణము కలదు. సామాన్యవిధికిని విశేషవిధికిని విరోధము కలిగినచో విశేషమే బలవత్తరమని మన పండితులు చిరకాలముగ చెప్పుచున్నారు. ఆ గ్రంథపు పీఠికయు నదే చెప్పుచున్నది.

తీర్పు మేమే చెప్పినచో కూతురి పక్షము వహించితిమన్న మాట వచ్చును. కావున ఆ విశేషప్రకరణమును వానిచేతనే బిగ్గరగా చదివించితిమి. వాడు చదువుచు పట్టికకు సమీపమున నున్న మాటలయొద్ద ఆగెను. రెండు వృత్తులవానికి, తనకు తెలిసిన మంత్రములకంటె పై తరగతి స్లాటులు లభింపవచ్చుననియు, వానిని క్రింది తరగతుల మంత్రములకే వినియోగింపవలెననియు అచ్చట స్పష్టముగ నున్నది. ఒక్క మెట్టు విజర్డు మొదటి తరగతి మంత్రములే యెరుగును. ఫైర్‌బాల్ నేర్చుటకు ఐదు మెట్లు విజర్డుగా నెక్కవలెను.

గ్రంథకర్తలు మొత్తమును ఉద్దేశించినచోట మొత్తమనియే వ్రాసిరి. క్యాంట్రిప్పులను, స్లాటు అక్కరలేని చిన్న మంత్రములలో పెరుగునవి కొన్ని కలవు. వాని బలము పాత్ర యెక్కిన మెట్లన్నిటినిబట్టి ఐదవ, పదునొకండవ, పదునేడవ మెట్లయందు పెరుగునని చెప్పిరి. ఒడంబడికచే శక్తి పొందు వార్‌లాక్కు స్లాటులను పట్టికలో చేర్చక వేరుగనుంచిరి. కాని వానితో ఇతర వృత్తి మంత్రములను, ఇతర స్లాటులతో వార్‌లాక్కు మంత్రములను ప్రయోగింపవచ్చునని ప్రత్యేకముగ వ్రాసిరి. కలుపవలసినచోట కలిపి, విడదీయవలసినచోట విడదీసినవారి మాటలలో ఒకదానిని పెరికి రెండవదానిపై విసరుట చదువు కాదు.

మావాడు పుస్తకము మూసి, "అట్లయిన ఈ నియమమే అన్యాయము. పై స్లాటులిచ్చి మంత్రములీయకపోవుట యేమి?" అనెను. ఈ ప్రశ్న మాకు మొదటిదానికంటె మెచ్చదగినదిగ తోచెను. మొదట వాడు నియమము తన పక్షముననున్నదనెను; ఇప్పుడు నియమమును మార్చవలెననుచున్నాడు. మొదటిదానికి గ్రంథము సమాధానము చెప్పును. రెండవదానికి బల్లచుట్టునున్నవారు చెప్పవలెను.

వారే చెప్పిరి. పై స్లాటులు వ్యర్థములు కావని డంజన్ మాస్టరు చూపెను. క్యూర్ వూండ్స్ అను మొదటి తరగతి చికిత్సామంత్రమును ఐదవ తరగతి స్లాటుతో ప్రయోగించినచో, ఎనిమిది ముఖముల పాచిక నొకటికి మారుగ ఐదు వేయవచ్చును. అంతవరకు మిన్నకుండిన మా అమ్మాయి అప్పుడు పలికెను: "అన్నయ్యా, గాయములు మాన్పుటకు నాకు శక్తి లేదు, అది నీవు ఎనిమిది మెట్లెక్కి సంపాదించినది. ఈ మంత్రమునకై నేను తొమ్మిది మెట్లెక్కితిని. ఒక్క మెట్టుతో రెండును నీకే వచ్చినచో నేనీ బల్లయొద్ద ఎందుకు?" దీనికి వాడు బదులు చెప్పలేకపోయెను. తుదకు ఆరు గంటల కాలమును, నూటయేబది బంగారు నాణెములును వెచ్చించి ఆమెయే ఫైర్‌బాలును తన పుస్తకమున వ్రాసికొనునట్లును, సొమ్ము ఉమ్మడి సంచినుండి తీయునట్లును నిశ్చయించుకొని ఆట సాగించిరి.

చదువరులారా! నియమములు మార్చరానివని మేమనుట లేదు. పాలడిన్, రేంజర్ మెట్లను సగము చేయునపుడు భిన్నమును విడువవలెనని 2014లో వ్రాసినవారే, 2024వ సంవత్సరపు కూర్పున భిన్నమును పూర్ణము చేయవలెనని మార్చిరి. మూడు మెట్ల పాలడిన్ మునుపు ఒక మెట్టుగా లెక్కకు వచ్చెడివాడు, ఇప్పుడు రెండుగా వచ్చుచున్నాడు. పాత వాక్యమునకే యీ యర్థమున్నదని వారు సాధింపలేదు. క్రొత్త వాక్యమును అచ్చువేసి అందరి చేతులలో నుంచిరి. మార్పు కోరువారికి ఇదియే తగిన మార్గము. బహిరంగముగ మార్చిన నియమమును ఇష్టములేనివాడును చూడగలడు, వాదింపగలడు. ఉన్న వాక్యమును చాటున వంచినచో, చదువు తక్కువైనవారును, నోరులేనివారును ఎప్పుడోడిపోయినదియు నెరుగకయే ఓడిపోవుదురు.

కావున ఇంట పిల్లలు ఇట్టి యాట కూర్చున్నపుడు ఏ కూర్పు ననుసరించుచున్నారో ముందుగ చెప్పుకొనుడనియు, వివాదము వచ్చినపుడు వాక్యమునకు ముందు వెనుకల నున్నదంతయు బిగ్గరగా చదువుడనియు, ఆ నియమముచే నష్టపోవువానిచేతనే చదివింపుడనియు పెద్దలు బోధింతురుగాక.